ఇల్లు–వసతి: బేస్‌మెంట్‌ను గదులుగా మార్చుకోవడంపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో చలి తీవ్రంగా ఉండే రాష్ట్రాలలో, చలికాలంలో నేల గడ్డకట్టే లోతుకు దిగువన పునాది వేయక తప్పదు. ఎలాగూ అంత లోతు తవ్వుతున్నారు కాబట్టి మరికొంత తవ్వి ఇంటి కింద బేస్‌మెంట్ అనే ఒక అంతస్తు కట్టుకోవడం అక్కడ ఆనవాయితీ అయింది. ఆ అంతస్తును కాంక్రీటు గోడలతో, బోసి నేలతో వదిలేసి ఇల్లు అమ్మడం బిల్డర్లకు మామూలే. ఈసారి మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం దానిని గదులుగా మార్చుకోవడం గురించే కావడంతో శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము. సమాధానాలలో చెప్పిన కొలతలు చాలా రాష్ట్రాలు మార్పుచేర్పులతో పాటించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లోనివి. మీ ఊరి బిల్డింగ్ విభాగం చెప్పిందే చివరి మాట అని గుర్తుంచుకోవలసింది.

ప్రశ్న: మాది 1990లలో కట్టిన ఇల్లు. బేస్‌మెంట్ గోడల అడుగు భాగంలో తెల్లటి పొడి రాలుతోంది. పెద్ద వాన పడినప్పుడు ఒక మూల తడిసి, రెండు రోజులకు ఆరిపోతుంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసి, దాని ముందు డ్రైవాల్ (కాగితం పొరల మధ్య జిప్సం ఉండే గోడ పలక) కట్టేస్తే సరిపోతుందని కాంట్రాక్టరు అంటున్నారు. ఆయన మాట నమ్మవచ్చునా?
— ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: నమ్మవద్దు. మట్టిలోనూ కాంక్రీటులోనూ ఉన్న లవణాలు నీటిలో కరిగి గోడ గుండా లోపలికి వచ్చి, ఆ నీరు ఆవిరైపోయిన తరువాత మిగిలే ఉప్పే మీరు చూస్తున్న తెల్లటి పొడి. దానివల్ల నేరుగా వచ్చే హాని పెద్దగా లేదు కానీ, గోడ గుండా నీరు వస్తోందనడానికి అంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు. లోపలి వైపు పూసిన రంగును బయటి మట్టిలోని నీరు వెనుక నుంచి నెడుతూనే ఉంటుంది కాబట్టి కొంతకాలానికి అది పొక్కులు లేచి ఊడిపోతుంది. అప్పటికి దాని ముందు డ్రైవాల్ ఉంటుంది గనుక ఊడిన సంగతి మీకు తెలియదు. గది ముక్కవాసన కొట్టడం మొదలైన తరువాతే తెలుస్తుంది.

ఖర్చు తక్కువ ఉన్న చోట నుంచి మొదలుపెట్టండి. వాన జోరుగా పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నీరు ఎక్కడ నిలుస్తోందో చూడండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు 620 గ్యాలన్ల నీరు దిగుతుంది. కప్పు మీది నీటిని దించే డౌన్‌స్పౌట్ గొట్టాలు గోడ మొదట్లోనే ఆగిపోతే ఆ నీరంతా పునాది పక్కనే ఇంకుతుంది. గొట్టాలను పొడిగించి నీటిని ఇంటికి దూరంగా వదలాలి. గోడ నుంచి మొదటి 10 అడుగులలో నేల కనీసం 6 అంగుళాలు వాలి ఉండాలని నియమం. పాత ఇళ్ళలో పునాది చుట్టూ పోసిన మట్టి ఏళ్ళ తరబడి కుంగిపోయి, వాలు ఇంటి వైపుకే తిరిగి ఉండడం తరచుగా కనిపిస్తుంది. గోడను ఆనుకుని పూలమొక్కల కోసం కట్టిన గట్టు కూడా నీటిని అక్కడే పట్టి ఉంచుతుంది. ఒక్క మూలే తడుస్తోందని మీరు రాశారు కనుక, ఆ మూలన బయట గొట్టం ఉన్నదేమో ముందు చూడండి. తడి బేస్‌మెంట్లలో చాలా వాటికి మందు ఇంటి బయటే దొరుకుతుంది.

అక్కడితో తగ్గకపోతే గోడలోని పగుళ్ళను చూడాలి. పోత కాంక్రీటు గోడలో పగులు ఉంటే ఎపాక్సీని గానీ పాలీయురెథేన్‌ను గానీ ఎక్కించి మూయిస్తారు. మీ గోడ బోలు దిమ్మెలతో కట్టినదైతే దిమ్మెల లోపలే నీరు నిలుస్తుంది కాబట్టి ఆ వైద్యం పనిచేయదు. అప్పుడు నేల అంచు వెంబడి కాంక్రీటును పగలగొట్టి, కంకరలో చిల్లుల గొట్టం పరచి, నీటిని ఒక గుంటలోకి చేర్చి, సంప్ పంపుతో బయటికి తోడించడమే మార్గం. కరెంటు సరిగ్గా తుపాను రాత్రే పోతుంది కనుక బ్యాటరీతో నడిచే రెండో పంపు కూడా పెట్టించండి. పంపు తోడిన నీటిని మురుగు కాలువలో కలపడాన్ని చాలా ఊళ్ళలో నిషేధించారు. ఇళ్ళకు తీసుకునే మామూలు బీమా వరదకు వర్తించదు. పంపు చెడిపోయి నీరు పొంగినా, మురుగు వెనక్కి తన్నినా ఆ నష్టం రావాలంటే పాలసీలో అదనపు క్లాజు ఉండాలి. గదులు కట్టకముందే ఏజెంటుకు ఫోన్ చేసి దానిని చేర్పించుకోండి.

తడి బయటి నుంచి వస్తోందా, లేక గదిలోని గాలిదేనా అన్న అనుమానం ఉంటే ఒక పని చేయండి. 18 అంగుళాల చదరపు పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నేలకు, మరొక ముక్కను గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి, మరునాడు చూడండి. ప్లాస్టిక్ వెనుక తడి ఉంటే అది కాంక్రీటు గుండా వస్తున్న చెమ్మ, పైన తడి ఉంటే గదిలోని తేమ చల్లటి గోడ మీద నీరుగా మారుతోందన్న మాట. ఈ రెండవ దానికి గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫైయర్ యంత్రం చాలు. జూలైలో గాలి ఆడాలని బేస్‌మెంటు కిటికీలు తెరిస్తే బయటి ఉక్క గాలి లోపలికి వచ్చి ఇదే తేమను పెంచుతుందని మనవారు చాలామంది గమనించరు. ఇవన్నీ సరిచేయించాక మంచు కరిగే రోజులు, వసంతకాలపు వానలు ఒకసారి గడవనిచ్చి, మూల పొడిగా ఉన్నదని చూసుకున్న తరువాతే గోడలు మొదలుపెట్టించండి. కాంట్రాక్టరు తొందరపెడితే ఆ తొందర ఆయన అవసరమే.

ప్రశ్న: మా బేస్‌మెంట్‌లో కాంక్రీటు గోడకు ఆనించి కర్రల చట్రం కట్టి, మధ్యలో గాజు ఊలు నింపి, దాని మీద ప్లాస్టిక్ షీటు పరచి డ్రైవాల్ బిగించడానికి ఒప్పందం కుదిరింది. మిత్రుల ఇంట్లో ఇదే పద్ధతిలో చేయించిన గోడ వెనుక నల్లటి బూజు పట్టిందని తెలిసింది. ఇందులో లోపం ఏమిటి?
— కొలంబస్, ఒహాయో

జవాబు: లోపం ప్లాస్టిక్ షీటులోనూ, గాజు ఊలును చల్లటి కాంక్రీటు దగ్గర పెట్టడంలోనూ ఉంది. నేలకు పైన ఉండే గోడ బయటి వైపు ఆరగలదు. మట్టిలో ఉన్న గోడకు ఆ వీలు లేదు, అది లోపలి వైపే ఆరాలి. అటువైపు ప్లాస్టిక్ అడ్డు పెడితే కాంక్రీటు నుంచి వచ్చిన తేమ కర్రల మధ్యే చిక్కుకుపోతుంది. గాజు ఊలు గాలిని ఆపలేదు కాబట్టి గదిలోని తేమ కూడా దాని గుండా వెళ్ళి చల్లటి కాంక్రీటును తాకి నీరవుతుంది. బూజుకు కర్ర, డ్రైవాల్ మీది కాగితం మంచి ఆహారం.

కాంక్రీటుకు నేరుగా గట్టి ఫోమ్ బోర్డులను అంటించి, వాటి అతుకులను టేపుతో మూసి, దాని ముందు చట్రం కట్టించడం మేలైన పద్ధతి. అప్పుడు గది గాలికి చల్లటి గోడ తగలదు. ఫోమ్ మండే పదార్థం కనుక దానిని బయటికి కనిపించేలా వదలకూడదు, అర అంగుళం డ్రైవాల్‌తో కప్పాలి. నేలను తాకే అడుగు చెక్క, చెదలు, కుళ్ళు పట్టకుండా మందు ఎక్కించిన ప్రెజర్ ట్రీటెడ్ కలపదై ఉండాలి. నేలకు పలక రాళ్ళు గానీ వినైల్ ప్లాంకులు గానీ మంచివి. అచ్చమైన కర్ర ఫ్లోరింగును భూమట్టానికి దిగువన వేయవద్దని తయారీదారులే సాధారణంగా చెబుతారు.

ప్రశ్న: మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి ఆరు నెలలకు వస్తున్నారు. వారికి ఏకాంతంగా ఉంటుందని బేస్‌మెంట్‌లో పడకగది కట్టిద్దామనుకుంటున్నాము. ఇప్పుడు అక్కడ పైకప్పు దగ్గర రెండు చిన్న కిటికీలు మాత్రమే ఉన్నాయి. వాటితో సరిపెట్టుకోవచ్చా? పర్మిట్ తప్పనిసరా?
— యాష్‌బర్న్, వర్జీనియా

జవాబు: సరిపెట్టుకోకూడదు, పర్మిట్ తప్పనిసరి. పడకగదికి మెట్ల దారి కాక, నేరుగా బయటికి వెళ్ళగలిగే మరొక దారి ఉండాలి. మంటలు సాధారణంగా పై అంతస్తులోని వంటగదిలో మొదలై మెట్లనే ముందు మూసేస్తాయి. ఆ కిటికీ తెరిచినప్పుడు ఏర్పడే ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు, ఎత్తు కనీసం 24 అంగుళాలు, వెడల్పు కనీసం 20 అంగుళాలు ఉండాలి, కిటికీ అడుగు అంచు గది నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. ఇక్కడ చాలామంది పొరపడతారు: 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు కలిస్తే మూడున్నర చదరపు అడుగులు కూడా రాదు. ఎత్తు 24 అంగుళాలే అయితే వెడల్పు 34 అంగుళాలకు పైన ఉంటేనే 5.7 పూర్తవుతుంది. కిటికీ తెరుచుకునే చోటు భూమట్టానికి దగ్గరగా ఉంటే 5 చదరపు అడుగులు చాలునన్న సడలింపు కూడా ఉంది. కిటికీ ముందు తవ్విన గుంట కనీసం 9 చదరపు అడుగులు ఉండి, గోడ నుంచి 36 అంగుళాలు ముందుకు రావాలి. దాని లోతు 44 అంగుళాలు దాటితే ఎక్కడానికి స్థిరమైన నిచ్చెన ఉండాలి. గుంట అడుగున నీరు పోయే దారి లేకపోతే, మొదటి ఉత్తరంలోని పాఠకురాలి కష్టాన్ని మీరు డబ్బు పెట్టి కొనుక్కున్నట్లే.

దీని కోసం పునాది గోడను కోయాలి, కోసిన చోట పై బరువును మోసే దూలం వేయాలి, కొన్ని వేల డాలర్లు ఖర్చవుతాయి. తవ్వకానికి ముందు 811కు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లను గుర్తించి వెళతారు. మీది వెనుక తలుపు ఉన్న వాకౌట్ బేస్‌మెంట్ అయినా, ఆ తలుపు హాలుకే చెందుతుంది, పడకగదికి దాని సొంత కిటికీ ఉండాలి. గది పైకప్పు ఎత్తు 7 అడుగులకు తగ్గకూడదు. గదిలో, గది బయట పొగ అలారాలు ఉండి, అవి ఇంటిలోని మిగిలిన అలారాలతో ముడిపడి ఉండాలి. ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేసు, వాటర్ హీటర్ అదే అంతస్తులో ఉంటాయి కనుక కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా అవసరం.

ఈ నియమాలను చాదస్తం అనుకునేవారు 2021 సెప్టెంబరు 1వ తేదీ రాత్రిని గుర్తు చేసుకోవాలి. ఐడా తుపాను శేషంగా కురిసిన కుండపోతకు న్యూయార్క్ నగరంలో చనిపోయినవారిలో ఎక్కువమంది బేస్‌మెంట్ నివాసాలలో నీట మునిగినవారే.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పవలసి ఉంది. పెద్దవారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నా, రాత్రి రెండుమూడుసార్లు లేవవలసి వచ్చినా, బేస్‌మెంట్ గది వారికి ఏకాంతం కంటే ఒంటరితనాన్నే ఎక్కువగా ఇస్తుంది. మన ఇళ్ళలో పెద్దవారు పగలంతా వంటగది చుట్టూ, టీవీ ముందు గడుపుతారు, ఆ రెండూ మీ ఇంట్లో పైన ఉన్నాయి. నేల మట్టంలో ఉన్న అంతస్తులో ఏడాదికి రెండుసార్లు కూడా వాడని ఫార్మల్ డైనింగ్ గది ఉంటే దానికి తలుపులు పెట్టించి వారికి ఇచ్చి, పిల్లల ఆటసామాను, మీ ఆఫీసు బల్ల కిందికి దించడం గురించి ఆలోచించండి. ఆఫీసుకు, ఆటగదికి కూడా అంతస్తు మొత్తం మీద ఒక అత్యవసర దారి ఉండాలన్న నియమం వర్తిస్తుంది కాబట్టి కిటికీ ఖర్చు మాత్రం ఎటూ తప్పకపోవచ్చు.

ప్రశ్న: ఇల్లు కొన్నప్పుడు చేసిన రేడాన్ పరీక్షలో 3.1 వచ్చింది. 4కు లోపే ఉంది కనుక వదిలేశాము. ఇప్పుడు బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్, ఆఫీసు కట్టిస్తున్నాము. మళ్ళీ పరీక్ష అవసరమా?
— హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా

జవాబు: అవసరం, అదీ గోడలు లేవకముందే. మట్టిలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే రేడాన్ వాయువుకు రంగు, వాసన లేవు. నేల పగుళ్ళ గుండా, సంప్ గుంట గుండా లోపలికి వస్తుంది కనుక ఇంట్లో దాని మోతాదు సాధారణంగా బేస్‌మెంట్‌లోనే ఎక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాత రెండవ ప్రధాన కారణం అదేనని, దానివల్ల ఏడాదికి సుమారు 21,000 మంది అమెరికాలో చనిపోతున్నారని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, ఆపైన ఉంటే తప్పక సరిచేయించాలని ఆ సంస్థ చెబుతుంది, 2 నుంచి 4 మధ్య ఉన్నా సరిచేయించే ఆలోచన చేయమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు దాదాపు 2.7తో సమానం. కాబట్టి 4 అనేది లక్ష్మణరేఖ ఏమీ కాదు.

పైగా మీ పరిస్థితి మారుతోంది. బట్టలు ఉతకడానికి మాత్రమే దిగే చోట 3.1కి, రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని పనిచేసే చోట 3.1కి తేడా ఉంది. అంకె కూడా ఋతువును బట్టి, తలుపులు మూసి ఉంచే కాలాన్ని బట్టి మారుతుంది. మీ రాష్ట్రానికి ఈ విషయంలో చరిత్ర కూడా ఉంది: 1984లో అక్కడి లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఉద్యోగి రేడియేషన్ అలారాలను మోగిస్తూ ఉంటే ఆరా తీయగా, అది ప్లాంటులో అంటినది కాదనీ, ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్నదనీ తేలింది. అమెరికాలో ఇళ్ళలోని రేడాన్‌పై అందరి దృష్టీ పడింది ఆ తరువాతే.

సరిచేయడం కష్టమైన పని కాదు. నేల కాంక్రీటుకు రంధ్రం చేసి, దాని కింది నుంచి గొట్టం వేసి, ఫ్యానుతో గాలిని లాగి కప్పు పైకి వదులుతారు. ఫ్యాను నివాస గదుల్లో కాక అటకలో గానీ ఇంటి బయట గానీ ఉండాలి, సంప్ గుంటకు బిగుతైన మూత ఉండాలి. ఈ గొట్టం ఇప్పుడైతే గోడలో కనిపించకుండా పోతుంది, తరువాతైతే మీ థియేటరు మధ్య నుంచి పోవలసి రావచ్చు. పనులన్నీ పూర్తయ్యాక మరొకసారి పరీక్ష చేయించండి.

ప్రశ్న: పోపు, వేపుళ్ళ వాసన ఇల్లంతా పట్టకుండా బేస్‌మెంట్‌లో రెండో వంటగది కట్టించుకోవాలని ఉంది. పెద్ద ఎగ్జాస్ట్ పెడితే చాలా?
— కాంటన్, మిషిగన్

జవాబు: పెద్ద ఎగ్జాస్టే మొదటి చిక్కు. నిమిషానికి 400 ఘనపు అడుగులకు మించి గాలిని లాగే హుడ్ (పొయ్యి మీద అమర్చే ఎగ్జాస్ట్) పెడితే, అంత గాలినీ బయటి నుంచి లోపలికి రప్పించే ఏర్పాటు కూడా చేయాలని కోడ్ సాధారణంగా కోరుతుంది. బేస్‌మెంట్ బిగుతైన చోటు. లోపలికి వచ్చే దారి లేనప్పుడు హుడ్ ఆ గాలిని వాటర్ హీటరు పొగగొట్టం నుంచి వెనక్కి లాగుతుంది, దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా గదిలోకి దిగుతుంది. ఫ్యాను లేకుండా పొగ తనంత తానే పైకి పోయే పాతకాలపు గొట్టం ఉన్న హీటర్లకే ఈ ప్రమాదం ఎక్కువ. అందువల్ల మీ హీటరు, ఫర్నేసు ఏ రకానివో హెచ్‌వీఏసీ (హీటింగ్, వెంటిలేషన్, ఏసీ) మెకానిక్‌తో చూపించుకున్న తరువాతే హుడ్ ఎంచుకోండి. గాలిని వడకట్టి మళ్ళీ గదిలోకే వదిలే హుడ్‌లు మన వంటకు పనికిరావు.

రెండవ చిక్కు ఊరి జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో చెప్పే నియమాలు. సింకు, చిన్న ఫ్రిజ్ ఉన్న వెట్ బార్‌కు సులువుగా అనుమతిచ్చే ఊళ్ళు కూడా, పొయ్యి చేరగానే దానిని రెండో నివాసంగా లెక్కించి అభ్యంతరం చెప్పవచ్చు. కనుక కేబినెట్లు కొనకముందే టౌన్‌షిప్ కార్యాలయంలో అడగండి. మూడవది మురుగు. ఇంటి ప్రధాన మురుగు గొట్టం బేస్‌మెంట్ నేల కంటే ఎత్తులో ఉంటే సింకు నీరు తనంత తాను పోదు, దానిని పైకి తోడే ఎజెక్టర్ పంపు కావాలి. బిల్డరు ముందే బాత్‌రూమ్ గొట్టాలు వేసి ఉంచి ఉంటే సింకును వాటి దగ్గర పెట్టుకుంటే నేల పగలగొట్టే పని చాలావరకు తగ్గుతుంది. ఇవన్నీ ఎందుకని గ్యారేజీలో గ్యాస్ పొయ్యి పెట్టి వండే అలవాటు మాత్రం వద్దు. కారు, పెట్రోలు ఆవిరి ఉన్న చోట నిప్పు రాజేయడం అది.

ప్రశ్న: మా వాకౌట్ బేస్‌మెంట్‌లో 1,200 చదరపు అడుగులు పర్మిట్ లేకుండా పూర్తి చేయించాము. ఇల్లు అమ్మేటప్పుడు ఇవి ఇంటి విస్తీర్ణంలో కలుస్తాయా?
— కమ్మింగ్, జార్జియా

జవాబు: కలవవు. ఇంటిని కొలిచే ఆన్సీ (అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం, ఒక అంతస్తులో ఏ కొంత భాగం భూమట్టానికి దిగువన ఉన్నా ఆ అంతస్తు మొత్తాన్ని విడిగానే చూపాలి. రుణాల కోసం చేసే మదింపులలో ఈ ప్రమాణాన్ని పాటించాలని, బ్యాంకుల నుంచి గృహరుణాలను కొనే ఫ్యానీ మే సంస్థ 2022 ఏప్రిల్ 1 నుంచి కోరుతోంది. విలువ రాదని దీని అర్థం కాదు, పై అంతస్తుల ధరకు రాదని మాత్రమే. పర్మిట్ లేకపోవడం అంతకంటే పెద్ద సమస్య. కొనుగోలుదారుల ఇన్‌స్పెక్టరు దానిని పట్టుకుంటారు, మీరు వెల్లడించవలసిన పత్రాలలోనూ అది రావచ్చు. ఇప్పుడైనా కౌంటీకి వెళ్ళి ఆలస్యపు పర్మిట్ అడగండి. వైరింగ్ చూడడానికి అక్కడక్కడ డ్రైవాల్ తెరవమంటే తెరవండి, అమ్మకం మధ్యలో తెరవడం కంటే ఇదే చవక.

ప్రశ్న: మా కాంట్రాక్టరు బేస్‌మెంట్ గోడల చట్రాలను పైకప్పుకు వేలాడదీసి, వాటి అడుగుకూ నేలకు బిగించిన చెక్కకూ మధ్య ఖాళీ వదిలారు. ఇది పని దొంగతనం కాదు కదా?
— పార్కర్, కొలరాడో

జవాబు: కాదు, ఆయన పని తెలిసినవారు. మీ ప్రాంతపు బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, దానితో పాటు కాంక్రీటు నేల లేస్తూ దిగుతూ ఉంటుంది. చట్రాన్ని నేలకూ పైకప్పుకూ బిగిస్తే, నేల లేచినప్పుడు అది పై అంతస్తును నెట్టి, డ్రైవాల్‌ను పగలగొట్టి, తలుపులు పట్టేసేలా చేస్తుంది. ఖాళీ ఎంత ఉండాలో మీ ఊరి బిల్డింగ్ విభాగం నిర్ణయిస్తుంది. ఇక మీరు చూసుకోవలసింది తరువాత వచ్చే వడ్రంగిని: డ్రైవాల్ అంచు, తలుపు చట్రాలు కూడా ఆ ఖాళీని పాటించాలి, గోడ అడుగున కొట్టే బేస్‌బోర్డు పట్టీని వేలాడే గోడకు గానీ నేలకు బిగించిన అడుగు చెక్కకు గానీ ఒకదానికే మేకులు కొట్టాలి.